మోకాళ్లు మొండికేసినప్పుడు కారు పనులు అప్పగించడం ఎలా

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ఏ పాత కాలనీకి వెళ్లినా ఆదివారం పొద్దున బానెట్ లేపి నిలబడిన పెద్దమనిషి ఒకరైనా కనిపిస్తారు. ప్లగ్గులు విప్పి గీకడం, కార్బ్యురేటర్ కడగడం, ఆయిల్ మార్చడం, బ్రేకు షూలు సరిచేయడం అన్నీ చేత్తో నేర్చుకున్న తరం అది. మారుతి 800 మొదటి కారు యజమాని చేతికి వచ్చింది 1983 డిసెంబరులో. అప్పుడు ముప్పైల్లో ఉన్నవారికి ఇప్పుడు డెబ్బై దాటింది. కార్లు నాలుగైదు మారి ఉంటాయి. మోకాళ్లు మాత్రం అవే.

ఏ పనులు ముందు మానాలి, ఎవరికి అప్పగించాలి, మీ దగ్గర ఏవి ఉంచుకోవాలి అన్నది వరసగా చెబుతాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: పని మానుకోవలసింది చేతులు, కళ్లూ చెవులూ కాదు. "ఇక నావల్ల కాదు" అని తాళం చెవి మెకానిక్ ముందు పడేసి ఇంటికొచ్చేవారికి రెండేళ్లు తిరక్కుండానే సొంత కారు పరాయిదైపోతుంది. ఏ భాగం ఎప్పుడు మార్చారో తెలియదు, బిల్లులో ఏముందో అర్థం కాదు. ముప్పై ఏళ్ల అనుభవాన్ని అలా పారబోసుకోనక్కర్లేదు.

మొదట ఒంటిని పరీక్షించుకోండి

ఇంజిన్ చల్లగా ఉన్న పొద్దుటిపూట ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చోండి. గాలి వాల్వు మూత విప్పి, మళ్లీ బిగించి, బంపర్ పట్టుకోకుండా లేవండి. చేయి ఆనించక తప్పలేదంటే కారు కింద పనులు మీవి కావు. తర్వాత బిగుసుకున్న పచ్చడి సీసా మూత తిప్పి చూడండి. బొటనవేలి మొదట్లో సూదులు గుచ్చినట్టుంటే పానా పట్టుకుని బలం పెట్టే పనులు వదులుకోవాలి. మూడోది భుజం. రెండు చేతులూ తలపైకి ఎత్తి ఒక నిమిషం అలాగే ఉంచండి. కారు కింద వెల్లకిలా పడుకుని, పాత ఆయిల్ దించే డ్రెయిన్ బోల్టు విప్పేటప్పుడు భుజాల మీద పడేది ఇదే భారం, పైగా చేతిలో ఇనుము ఉంటుంది.

ఈ పరీక్ష ఎందుకంటే, చాలామంది పనిని "సులువు, కష్టం" అని విడదీస్తారు. ఆయిల్ మార్చడం సులువని, వైరింగ్ చూడడం కష్టమని అనుకుంటారు. కీళ్ల లెక్క వేరు. కుర్చీ వేసుకుని ఫ్యూజులు చూడడానికి మోకాలితో పని లేదు. సులువనుకున్న ఆయిల్ మార్పిడికి మోకాలు, నడుము, భుజం, బొటనవేలు నాలుగూ కావాలి.

నొప్పిని వయసు ఖాతాలో రాసేసి ఊరుకోకండి. పొద్దున లేవగానే పట్టేసిన కీళ్లు అరగంటలోపు సర్దుకుంటే అది ఎక్కువగా అరుగుదలే. గంట దాటినా వదలకుండా, రెండు చేతుల వేళ్ల కణుపులూ వాచి వెచ్చగా ఉంటే అది వేరే రకం కీళ్లవాతం కావచ్చు. దానికి మందులున్నాయి, ఆలస్యమైతే కీళ్లు వంకరపోతాయి. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు పుట్టి పెరిగినవారు ఇంకో సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి: చిన్నప్పుడు ఏ ఊరి బోరు నీళ్లు తాగారో. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదు. అంతకు ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారిలో ఎముకలు, కీళ్ల చుట్టూ ఉండే కట్లు గట్టిపడి నడుము వంగదు, మెడ తిరగదు. ఇప్పుడు కృష్ణా నీళ్లు వస్తున్నా, అప్పుడు ఎముకకు పట్టింది అంత తొందరగా పోదు. మెడ తిరగనివారు కారు కింద దూరే సంగతి అటుంచి, కారు వెనక్కి తీయడం గురించే ఆలోచించాలి. ఒక వెనక కెమెరా, వెడల్పాటి పక్క అద్దాలు పెట్టించుకోండి. పానాల మీద పెట్టే డబ్బు కంటే అది మేలు.

మానుకునే వరుస

కారు కింద పనులు అన్నిటికంటే ముందు పోవాలి. కారుతో వచ్చే జాక్ చక్రం మార్చడానికి మాత్రమే. దాని మీద నిలబెట్టిన కారు కింద తల పెట్టడం పాతికేళ్లవాడికైనా తగదు. "నేను స్టాండ్లు పెట్టే దూరతాను" అంటారు కొందరు. మంచిదే. కానీ కింద ఉండగా నడుము పట్టేస్తే? ఇంట్లో అందరూ పెళ్లికి వెళ్లిన రోజున, నల్లగొండ మే నెల ఎండలో, వేడెక్కిన సిమెంటు నేల మీద ఇరుక్కుపోతే ఫోను జేబులోంచి తీసే వీలు కూడా ఉండదు. చక్రాలున్న పలక కొనుక్కుంటే సరిపోతుందని సలహా ఇచ్చేవారున్నారు. దాని మీద పడుకోవడం తేలికే, లేవడమే కష్టం.

రెండోది బ్రేకులు. నొప్పి పుట్టిన చేయి తనకు తెలియకుండానే ఒక తిప్పు ముందే ఆగిపోతుంది. డోరు హ్యాండిల్ బోల్టు కాస్త వదులుగా ఉంటే చప్పుడు చేస్తుంది, అంతే. బ్రేకు ప్యాడ్లను డిస్కుకు అదిమే క్యాలిపర్ బోల్టు విషయంలో అలా సరిపెట్టుకోలేం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి సాధారణంగా రెండేళ్లకోసారి మార్చాలి. ఆ పనిని ఇక షెడ్డు లెక్కలో రాసేయండి.

మూడోది చక్రాలు. ఇక్కడ కొంచెం లెక్క చూడండి. చాలా చిన్న కార్లకు చక్రం నట్లు 85 నుంచి 100 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. కారుతో ఇచ్చే పానా పిడి సుమారు 30 సెంటీమీటర్లు. 85 న్యూటన్ మీటర్లంటే ఆ పిడి చివర దాదాపు 29 కిలోల బరువు మోపినట్టు. తుప్పు పట్టిన నట్టు విప్పడానికి ఇంకా ఎక్కువే కావాలి. పిడి పొడవు 60 సెంటీమీటర్లు ఉంటే ఆ 29 కాస్తా పద్నాలుగున్నర అవుతుంది. అందుకని సాగదీసే పొడవాటి పానా ఒకటి డిక్కీలో పెట్టుకోండి. మీరు వాడకపోయినా, దారిలో ఆగి సాయం చేసే కుర్రాడికైనా పనికొస్తుంది. చక్రం బరువు మాత్రం పానాతో తగ్గదు. పది కిలోలు దాటిన చక్రాన్ని వంగి, లేపి, బోల్టుల్లో కూర్చోబెట్టడం నడుము పని.

బ్యాటరీ ఎత్తడం నాలుగోది. అదీ పది కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, పైగా చేతులు చాచి ఎత్తాలి. కొత్త బ్యాటరీ కొన్నచోటే బిగించి పాతది తీసుకుంటారు, ధరలో తగ్గిస్తారు కూడా. మిగిలిన వైపర్లు, బల్బులు, ఎయిర్ ఫిల్టర్, ఫ్యూజులు మీ ఓపికను బట్టి. కొన్ని కొత్త కార్లలో హెడ్‌లైటు బల్బు మార్చాలంటే ముంజేయి లోపలికి దూర్చి, చూడకుండా క్లిప్పు తిప్పాలి. అలాంటిదైతే అదీ వదిలేయండి.

కారు జాతకం రాయండి

షెడ్డుకు వెళ్లే ముందు ఒక నోటుబుక్కు తీయండి. ఇన్నాళ్లూ మీ తలలో ఉన్నది కాగితం మీదికి రావాలి: ఆయిల్ ఏ గ్రేడు, ఎన్ని కిలోమీటర్ల దగ్గర మార్చారు, ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ ఏ రంగుది, టైర్లు ఏ వారంలో తయారయ్యాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2322 అంటే 2022లో 23వ వారం. కారుకున్న వంకరలు కూడా రాయండి. ఎడమ వెనక చక్రం మూడో నట్టు మర పోయిందనో, డ్రెయిన్ బోల్టుకు ఒకసారి కొత్తగా మర కోయించామనో మీకు తప్ప ఎవరికీ తెలియదు. చెప్పకపోతే కొత్త చేయి దాన్ని బలంగా తిప్పి విరగ్గొడుతుంది, తప్పు మెకానిక్‌ది అనుకుంటారు.

కారుకు పదిహేనేళ్లు దగ్గరపడితే ఆ తేదీ కూడా పైనే రాయండి. ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లి ఆర్‌సీ మరో ఐదేళ్లకు పొడిగించుకోవాలి. ఇకమీదట ప్రతి పనికీ కూలి ఇవ్వాలి కాబట్టి, అప్పుడు ఉంచుకోవాలా అమ్మాలా అన్న లెక్క మునుపటిలా ఉండదు.

మెకానిక్‌ను ఎంచుకోవడం

ఇక్కడే ఎక్కువ సమయం పెట్టండి. వారంటీ ఉన్న కారైతే కంపెనీ సర్వీసు సెంటరుకే వెళ్లండి, అందులో వాదన లేదు. వారంటీ పోయిన కారుకు ఊళ్లో మంచి షెడ్డు దొరికితే అంతకు మించింది లేదు. పనిచేసే మనిషితో నేరుగా మాట్లాడవచ్చు. సర్వీసు సెంటర్లో మీరు మాట్లాడేది కంప్యూటర్ ముందున్న అబ్బాయితో. కారు ముట్టుకునే మనిషి అద్దం అవతల ఉంటాడు.

షెడ్డు బయట పది నిమిషాలు నిలబడి చూడండి. బోల్టుకు సరిపోయే సైజు పానా వెతుకుతున్నాడా, చేతికందిన కటింగ్ ప్లేయర్‌తో కొరికిస్తున్నాడా? విప్పిన నట్లు ఒక గిన్నెలో వేస్తున్నాడా, నేల మీద వదిలేస్తున్నాడా? చక్రం నట్లను ముందు చేత్తో ఎక్కించి, తర్వాత ఎదురెదురుగా బిగిస్తున్నాడా, ఎయిర్ గన్ పెట్టి ఒక్కసారే దంచుతున్నాడా? ఇన్నేళ్లు పనిచేసిన కన్ను మీది. బోర్డు మీద రాసిందానికంటే ఈ పది నిమిషాలు ఎక్కువ చెబుతాయి.

మొదటిసారి పెద్ద పని ఇవ్వకండి. ఆయిల్ మార్పిడి ఇచ్చి చూడండి. చిన్న పెట్రోలు కారుకు పట్టేది మూడు లీటర్లకు కాస్త అటూ ఇటూ. డబ్బా, ఫిల్టర్ మీరే కొని తీసుకెళ్లి, సీలు మీ ముందే తీయమనండి. చూడవలసినవి ఇవి: డ్రెయిన్ బోల్టు వాషర్ కొత్తది వేశాడా, కొత్త ఫిల్టర్ రబ్బరు రింగుకు వేలితో కాస్త ఆయిల్ రాశాడా, ఫిల్టర్‌ను చేత్తో బిగించి ఆపాడా లేక పానా పెట్టి పిండేశాడా. పోశాక ఇంజిన్ కాసేపు నడిపి, ఆపి, ఆయిల్ కిందికి దిగాక, మట్టం చూసే కడ్డీ (డిప్‌స్టిక్) తుడిచి మళ్లీ ముంచి చూడాలి. పోయగానే చూసి "నిండింది సార్" అన్నవాడు ఫిల్టర్ తాగే ఆయిల్‌ను లెక్కలో వేసుకోలేదన్నమాట. పాత ఫిల్టర్ తిరిగి చూపించమని అడగండి. అడగకుండానే చూపిస్తే మీరు సరైనచోటికి వచ్చారు.

మాట్లాడే తీరులో ఒక జాగ్రత్త. సొంతంగా పనిచేసిన అలవాటున్నవారు షెడ్డుకెళ్లి రోగం చెప్పకుండా మందు చెబుతారు. "వీల్ బ్యాలెన్సింగ్ చెయ్యి" అంటే అతను అదే చేసి డబ్బు తీసుకుంటాడు, వణుకు తగ్గకపోతే తప్పు మీదే. "భాయ్, ఎనభై దాటగానే స్టీరింగ్ వణుకుతోంది, బ్రేకు వేస్తే ఎక్కువవుతోంది" అని చెప్పి ఆగండి. బ్రేకు వేసినప్పుడే పెరిగితే డిస్కు వంకర కావచ్చని అతనికీ తెలుసు. అతను మీకు తెలియని పద్ధతిలో పని మొదలుపెట్టినా కాసేపు నోరు కట్టుకోండి. ఇది మోకాలి నొప్పి కంటే కష్టమని నాకు తెలుసు. అడగాలనిపిస్తే పని అయ్యాక, అతను టీ తాగుతున్నప్పుడు "అలా ఎందుకు విప్పావు?" అని అడగండి. కుర్రవాళ్ల ముందు ప్రశ్నిస్తే ఏ ఉస్తాదుకైనా చిరాకే. కూలి దగ్గర బేరం ఆడకండి. స్పేర్ పార్టు ధర డబ్బా మీద ఉంటుంది, అక్కడ లెక్క అడగండి. చేతి పని విలువ మీకు తెలియనిది కాదు.

వెళ్లే వేళ చూసుకోండి. దసరా ముందు వారం, ఆయుధ పూజకు బండ్లన్నీ కడిగి సిద్ధం చేసే రోజుల్లో వెళితే మీ కారు సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది. సంక్రాంతి ప్రయాణాల ముందూ అంతే. శుక్రవారమైతే మధ్యాహ్నం నమాజుకు ముందే పని ముగిసేలా పొద్దున్నే ఇవ్వండి. మడత కుర్చీ ఒకటి డిక్కీలో వేసుకుని వెళ్లండి. సిమెంటు నేల మీద రెండు గంటలు నిలబడితే, పని చేయకుండా కాపాడుకున్న మోకాలు అక్కడే పోతుంది.

చక్రాలు విప్పిన ప్రతిసారీ ఒకటి అడిగి తీరండి: నట్లు చివరి బిగింపు చేత్తో, వీలైతే బిగింపు బలం కొలిచే టార్క్ రెంచితో చేయమనండి. ఎయిర్ గన్‌తో బిగించిన నట్టు దారిలో మీ పొడవాటి పానాకు కూడా లొంగకపోవచ్చు.

ఊళ్లో దొరకని పాత మోడల్ భాగాల కోసం మెకానిక్ హైదరాబాద్ వనస్థలిపురం ఆటోనగర్ పేరు చెబుతాడు. అంతదూరం మీరు వెళ్లి వెతకాల్సిన పని లేదు. భాగం మీద నంబరు ఫోటో తీసి పంపించమనండి, దారి ఖర్చు ఇచ్చేయండి.

మీ దగ్గర మిగిలే పనులు

వారానికోసారి డిప్‌స్టిక్, కూలెంట్ ట్యాంకు గీత, లైట్లు. ఇవి నిలబడి చేసే పనులే. కూలెంట్ మూత ఇంజిన్ చల్లారాకే తీయాలి. తగ్గితే డబ్బాలో కలిపి అమ్మేదే పోయండి. బోరు నీళ్లు వద్దు, ఇక్కడి బోరు నీళ్లలోని లవణాలు రేడియేటర్ గొట్టాల్లో పెచ్చు కడతాయి. నీళ్లు పోసే రకం బ్యాటరీకైతే డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

గాలి పెట్రోలు బంకులో పట్టించండి. అక్కడ గాలి ఉచితంగా ఇవ్వాలన్నది నియమం. ఎంత పట్టాలో డ్రైవరు తలుపు తీస్తే కనిపించే స్టిక్కరు మీద ఉంటుంది. టైరు వేడెక్కక ముందు, ఇంటికి దగ్గరి బంకులో పట్టిస్తే అంకె సరిగ్గా వస్తుంది. ఇంట్లోనే చూసుకోవాలంటే పొడవు గొట్టం ఉన్న గేజీ కొనండి, పీట వేసుకుని కూర్చోండి. గొంతుక్కూర్చోవద్దు.

కారు కింద చూడడానికి వంగనక్కర్లేదు. సెల్ఫీ కర్రకు ఫోను బిగించి, టార్చి వేసి, వీడియో తీస్తూ ఈ చివర నుంచి ఆ చివరకు కింద తిప్పండి. తర్వాత కుర్చీలో కూర్చుని చూసుకోండి. కోతల కాలంలో ఇది తప్పనిసరి. రోడ్ల మీద ఆరబోసిన పంట మీదుగా వెళితే గడ్డి సైలెన్సర్ దగ్గర చుట్టుకుంటుంది, అక్కడి వేడికి అంటుకోగలదు. మిర్యాలగూడ రైసు మిల్లుల చుట్టుపక్కల ఉండేవారు ఎయిర్ ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే తీసి చూడాలి. కారు నాలుగు రోజులు కదలకుండా ఉంటే బానెట్ లేపి ఎలుకలు వైర్లు కొరికాయేమో కూడా చూడండి.

షెడ్డు నుంచి వచ్చిన రాత్రి కారు కింద ఒక అట్టముక్క వేసి ఉంచండి. పొద్దున దాని మీద గోధుమరంగులోనో నల్లగానో జిడ్డు చుక్క ఉంటే ఆయిల్, పచ్చగానో గులాబీ రంగులోనో ఉంటే కూలెంట్. రంగూ వాసనా లేని తడి ఏసీ నీళ్లు, భయపడకండి. చుక్క కనిపిస్తే అట్టముక్క ఫోటో తీసి మెకానిక్‌కు పంపండి. వాదించడం కంటే అది తొందరగా పనిచేస్తుంది.

దారిలో ఆగితే

బీమా రెన్యువల్ చేసేటప్పుడు రోడ్డు మీద సాయం చేసే అదనపు కవరు ఉందో లేదో చూసుకుని తీసుకోండి. ఇన్నాళ్లూ "నాకెందుకు, నేనే మార్చుకుంటాను" అని కొట్టేసిన గడి అదే. జాతీయ రహదారి మీద, అంటే విజయవాడ దారిలో నార్కట్‌పల్లి దగ్గరో, కర్నూలు దారిలో జడ్చర్ల దగ్గరో ఆగిపోతే 1033కు ఫోను చేయవచ్చు. ప్రమాదమైతే 112. మీరు తరచూ వెళ్లే దారిలో ఒక్కో ఊళ్లో ఒక పంక్చర్ షాపు నంబరు ఫోనులో పెట్టుకోండి. శ్రీశైలం ప్రయాణమైతే మాత్రం అడవి మొదట్లో ఉండే మన్ననూరు దాటకముందే స్టెప్నీతో సహా గాలి చూపించుకోండి. అడవిలో చాలా చోట్ల సిగ్నల్ అందదు, ఘాటులో బ్రేకులు వేడెక్కుతాయి, రాత్రి వేళ చెక్‌పోస్టు గేటు మూస్తారు.

టైరు ట్యూబ్‌లెస్ అయి గాలి మెల్లగా దిగుతుంటే, కారు సాకెట్‌కు తగిలించే చిన్న పంపుతో గాలి పట్టి నిదానంగా షాపు దాకా వెళ్లవచ్చు. చక్రం మార్చడం కంటే నూరు రెట్లు నయం. మనవడు పక్కన ఉన్నాడు కదా అని పసివాడి చేత జాక్ తిప్పించవద్దు.

పానాలు ఎవరికి

గ్యారేజీలో తుప్పు పట్టేదాకా ఉంచకండి. వేలు చాచలేని రోజున కూడా పానా కనబడితే చేయి ఊరుకోదు. స్టాండ్లు, పెద్ద జాక్, సాకెట్ సెట్టు, ఫిల్టర్ రెంచి అన్నీ తుడిచి, కాస్త ఆయిల్ రాసి, ప్రభుత్వ ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడు చదువుతున్న కుర్రాడు మీ ఎరుకలో ఉంటే అతనికి ఇవ్వండి. లేదంటే మీ మెకానిక్ దగ్గరున్న కొత్త హెల్పర్‌కు. పాత ఇనుము కింద తూకానికి అమ్మితే చేతికి వచ్చేది ఏమీ ఉండదు. మూలన పేరుకున్న పాత ఆయిల్ డబ్బాలు కాలువలో పోయకుండా షెడ్డు వాళ్లకే ఇచ్చేయండి, వాళ్ల డ్రమ్ముల్లో పోగై కొనేవాళ్ల దగ్గరికి వెళుతుంది.

ఒక స్క్రూడ్రైవర్, ఫ్యూజులు లాగే చిన్న క్లిప్పు, టార్చి, గాలి గేజీ, పదో నంబరు పానా ఉంచుకోండి. చాలా కార్లలో బ్యాటరీ టెర్మినల్ పదో నంబరుతోనే వదులవుతుంది, ఊరెళ్లేటప్పుడు తీసిపెట్టడానికి అది చాలు. షెడ్డులో ఎప్పుడూ కనిపించకుండా పోయేది కూడా ఆ పదో నంబరే. "సార్, ఒక్క నిమిషం ఇవ్వండి" అని అడుగుతారు. ఇవ్వండి గానీ, కుర్చీ మడిచేముందు అడిగి వెనక్కి తీసుకోండి.